క్లూనీ నుంచి మాకాన్‌కి చలికాలంలో సైకిల్ మీద ఏ దారి?

నేను ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంటాను. నాది రోడ్ బైక్, అంటే తారు రోడ్డు మీద తొక్కే సన్న టైర్ల సైకిల్; టైర్లు 28 ఎంఎం. నవంబర్‌లో రెండు ఆదివారాలు బుర్గుండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలు కట్ట మీది సైకిల్ దారిలో తొక్కాను. 1997లో మొదలైన 44 కిలోమీటర్ల దారి అది. ఒక్క కారు ఉండదు, ద్రాక్షతోటల పక్కన చక్రాల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. అంత హాయి!

చిక్కంతా క్లూనీ దాటాకే. మాకాన్ వైపు సైకిల్ దారిలో వచ్చే బ్వా క్లేర్ సొరంగాన్ని గబ్బిలాల కోసం చలికాలమంతా మూసేస్తారు. మొదటిసారి పక్కనున్న పెద్ద రోడ్డెక్కాను. లారీలు మోచేతికి జానెడు దూరంలో వెళ్తుంటే టెన్షన్‌తో చేతులు వణికాయి. రెండోసారి ఫోన్ యాప్ చెప్పినట్టు వెళ్తే అడవిలో కంకర బాట తగిలింది, వెనక టైరు పంక్చర్ అయింది.

ఇప్పుడు మ్యాప్‌లో దోంజీ, అజే, ఇజే ఊళ్ల మీదుగా చుట్టు తిరిగే దారి కనిపిస్తోంది. ఎత్తు ఎక్కాల్సి వచ్చినా ఫర్వాలేదు. ఆదివారం ఉదయం 9 నుంచి 12 మధ్య ఆ దారిలో వాహనాలు తక్కువగా ఉంటాయా, మొత్తం తారు రోడ్డేనా? తొక్కినవాళ్లు చెప్పగలరా?