అప్‌డేట్: రెండో హ్యాండ్‌సెట్ ఎట్టకేలకు బేస్‌కి కలిసింది

ఆఫీసు కార్డ్‌లెస్ ఫోన్‌కి రెండో హ్యాండ్‌సెట్ కొన్నామని, అది బేస్‌కి (ఫోన్ లైను తగిలించి ఉండే పెట్టెకి) కలవకుండా స్క్రీన్ మీద ‘బేస్ కోసం వెతుకుతోంది’ అని తప్ప ఇంకేమీ రావట్లేదని మొన్న అడిగాను కదా. తీరింది.

తప్పు నాదే. బేస్ మీదున్న బటన్ నొక్కి వెంటనే వదిలేస్తున్నాను. మా మోడల్‌లో అలా నొక్కితే, ఎక్కడో పెట్టి మర్చిపోయిన హ్యాండ్‌సెట్ దొరకడానికి మోగుతుందట! నొక్కిన ప్రతిసారీ మొదటి హ్యాండ్‌సెట్ ఎందుకు మోగుతోందో అప్పుడు వెలిగింది. అదే బటన్‌ని లైటు మినుకుమినుకుమనే దాకా పట్టుకుని, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ నొక్కి, పిన్ 0000 కొట్టాను. అంతే, పట్టేసింది.

తర్వాత ఇంకో తలనొప్పి: మీటింగ్ రూమ్‌లోకి వెళ్తే మాట తెగిపోయేది. వైఫై అడ్డొస్తోందేమో అన్నారు కొందరు. కానీ ఇది డెక్ట్ (కార్డ్‌లెస్ ఫోన్లు వాడే రేడియో పద్ధతి) ఫోన్, సుమారు 1.9 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది. వైఫైవి 2.4, 5, కాబట్టి గొడవ దాంతో కాదు. చూస్తే బేస్ ఉన్నది ఇనప బీరువా వెనకాల. తీసి ఎత్తుగా, గోడకి బిగించాం. ఇప్పుడు గది చివరి మూల నుంచి కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

బ్యాటరీల గురించి హెచ్చరించినవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్. డ్రాయర్‌లో ఉన్న మామూలు సెల్స్ వేసి ఛార్జింగ్‌కి పెట్టబోయాను. వాటిని ఛార్జ్ చేస్తే కారిపోవచ్చు, పగలొచ్చు కూడా. డబ్బాలో వచ్చిన నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్సే వేశాను.

కాల్ ట్రాన్స్‌ఫర్ మాత్రం ఇంకా చూడలేదు.