స్టెంట్ పడ్డాక హార్మోన్ మాత్రలు వాడొచ్చా?

నీలిమేఘం:
మా అక్కకు 58 ఏళ్లు. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. నెలసరి ఆగి ఎనిమిదేళ్లయినా వేడి ఆవిర్లు తగ్గలేదు, రాత్రుళ్లు నిద్ర లేదు. షుగర్ బోర్డర్‌లో ఉంది. హార్మోన్లు వాడితే షుగర్, కొలెస్ట్రాల్ రెండూ తగ్గుతాయని చదివిందట. కార్డియాలజిస్టు మాత్రం ఒక్క మాటలో వద్దనేశారు. ఇది పాతకాలపు భయం కాదా?

గడ్డిపరక:
కాదండీ. 1998లో వచ్చిన హెర్స్ అధ్యయనం సరిగ్గా ఇలాంటివాళ్ల మీదే చేశారు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 2,763 మంది. కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఆడ హార్మోన్లు కలిపిన మాత్ర, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది, మంచిది పెరిగింది. ఆ రిపోర్టు చూస్తే ఎవరైనా సంబరపడతారు. కానీ నాలుగేళ్లు గడిచినా గుండెపోట్లు తగ్గలేదు. మొదటి ఏడాదైతే మాత్ర వేసుకున్నవాళ్లలోనే ఎక్కువ. సిరల్లో రక్తం గడ్డకట్టడం దాదాపు మూడింతలు. రిపోర్టు బాగుపడటం వేరు, గుండె బాగుపడటం వేరు.

వానచినుకు:
అదే హెర్స్‌లో కొత్తగా షుగర్ రావడం 35 శాతం తగ్గింది. అది మాత్రం ఎవరూ చెప్పరు! పైగా వాళ్ల సగటు వయసు 67. మాత్ర మింగితే ముందు లివర్‌కి చేరి, గడ్డకట్టించే ప్రోటీన్లను, ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. చర్మానికి అంటించే ప్యాచ్ ఆ దారిన పోదు కదా?

గడ్డిపరక:
షుగర్ మాట ఒప్పుకుంటా. నా వాదనకు ఇబ్బంది పెట్టేది అదే. అయినా షుగర్‌కి వేరే మందులున్నాయి. దానికోసం గడ్డల రిస్కు ఎందుకు? ప్యాచ్ మాటంటారా, 2002లో గుండెజబ్బు ఉన్న 255 మందిపై ఇంగ్లండులో ఫేజ్ అనే ట్రయల్ ప్యాచ్‌తోనే చేశారు. గుండెకు మేలు కనిపించలేదు. చిన్న ట్రయలే, కాదనను. 2016 నాటి ఎలైట్ అనే ట్రయల్‌లో నెలసరి ఆగిన ఆరేళ్లలోపు హార్మోన్ మొదలుపెట్టినవాళ్లకు మెడ రక్తనాళం గోడ మందమవడం నెమ్మదించింది. కానీ వాళ్లెవరికీ గుండెజబ్బు లేదు.

వానచినుకు:
ఆవిర్లకు ఈస్ట్రోజెన్ అంత గట్టిగా పనిచేసే మందు ఇంకోటి లేదు. నిద్ర లేకపోవడం గుండెకు మంచిదా మరి?

గడ్డిపరక:
మంచిది కాదు. అందుకే హార్మోన్ కాని మందులు అడగమంటాను. తక్కువ మోతాదు పారాక్సెటిన్, గాబాపెంటిన్ ఉన్నాయి. 2023లో అమెరికాలో ఫెజోలినెటెంట్‌కి అనుమతి వచ్చింది, దానికి లివర్ పరీక్షలు తప్పవు.

నీలిమేఘం:
అక్కని అడిగా. షుగర్ సంగతి తర్వాత, ముందు నిద్ర పడితే చాలంటోంది. ఈ పేర్లు రాసుకుని వెళ్తాం.