కుక్క కాటు పుండులోనే సీరం ఎందుకు గుచ్చుతారు?

ప్రశ్న: పి.గన్నవరం దగ్గర లంకలో ఉంటామండి. ఈ ఉదయం కొబ్బరితోటలో మా అబ్బాయి పిక్క మీద వీధికుక్క కరిచింది, రక్తం వచ్చింది. మా అత్తయ్యగారు పసుపు, కారం అద్దారు. పీహెచ్‌సీలో మొదటి టీకా వేసి, గాయంలో సీరం కూడా పడాలి, అమలాపురం వెళ్లమన్నారు. చేతికి టీకా వేశాక పచ్చి పుండులో మళ్లీ సూది ఎందుకండీ? పిల్లాడు తట్టుకోలేడేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ పసుపూ కారం పోయేలా పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగండమ్మా. రేబిస్ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బుకి అది చెదిరిపోతుంది. కడిగిన వెంటనే బయల్దేరండి.

ఇక సీరం. వైరస్ పైనున్న జి ప్రొటీన్, కండరంలోని నరాల చివర్లలో ఉండే రిసెప్టర్లను, అంటే కణం పైన కొక్కేల్లా ఉండే ప్రొటీన్లను, పట్టుకుంటుంది. అవి వైరస్ కోసం ఉన్నవి కావు. ఉదాహరణకు పీ75 రిసెప్టర్ పని, నరం బతకడానికీ పెరగడానికీ కావలసిన ప్రొటీన్లను అందుకోవడం. వైరస్ దాన్ని పట్టుకోగానే కణం తన పొరను లోపలికి మడిచి, చిన్న సంచిలా తెంపుకుని, రిసెప్టర్‌తో సహా వైరస్‌నీ లాక్కుంటుంది. అక్కణ్నుంచి డైనీన్ అనే మోటారు ప్రొటీన్ ఆ సంచిని వెన్నుపాము వైపు మోసుకుపోతుంది. మనం పంటు ఎక్కి గోదావరి దాటినట్టే, వైరస్ తనంతట కదలక్కర్లేదు. ఎలుక నరకణాల్లో 2014లో చూసినప్పుడు, పీ75తో వెళ్లే వైరస్ ఆ దారిన మామూలుగా వెళ్లే నరాల పెరుగుదల ప్రొటీన్ కంటే వేగంగా పోయింది!

టీకాతో ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి వారం పైనే పడుతుంది. అప్పటిదాకా పుండులో ఉన్న వైరస్‌ని ఆపేది సీరమే. అందులో సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు జి ప్రొటీన్‌ని కప్పేస్తాయి, ఇక వైరస్ రిసెప్టర్‌ని పట్టుకోలేదు. ఒకసారి నరంలోకి దూరాక వాటికి చిక్కడం కష్టం. అందుకే గాయం చుట్టూ, లోపలా వేస్తారు. నొప్పి ఉంటుందమ్మా, కానీ ఆ ఒక్క సూదీ మానకండి.

మళ్లీ అడిగారు: కుక్క బాగానే తిరుగుతోంది మాస్టారూ. పది రోజులు చూసి వేయిద్దామా అంటున్నారు మా మామయ్యగారు.

జవాబు: కుక్కని గమనిస్తూ ఉండండి, కానీ దానికోసం సీరం ఆపొద్దు. మొదటి టీకా నుంచి 7 రోజులు దాటితే సీరం వేయరు. ఇవాళే వేయించేయండి. చర్మంలోకి వేసే టీకా అయితే మిగతావి 3, 7, 28 రోజులకు పడతాయి. కార్డు మీద తేదీలు రాయించుకోండి.