మాటిమాటికీ ఊడిపోతున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్: ముందు రిపేర్ చేయాలా, కాపీ చేయాలా?

గోదారి గట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంది, 2019లో కొన్నాను. అరచేతిలో పట్టే చిన్న రకం, విడిగా అడాప్టర్ ఉండదు. గత నెల కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాక గొడవ మొదలైంది. పెట్టగానే కనిపిస్తుంది, ఫోల్డర్లు తెరుచుకుంటాయి. కాపీ పెట్టిన పది, పదిహేను నిమిషాలకు టుంగ్‌మని శబ్దం వచ్చి డ్రైవ్ మాయమవుతుంది. కాసేపటికి దానంతట అదే తిరిగొస్తుంది. వచ్చిన ప్రతిసారీ ‘ఈ డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయండి’ అని విండోస్ అడుగుతోంది.

ఆఫీసులో ఒకాయన ‘ఆ బటన్ నొక్కు, పోతుంది’ అన్నారు. ఇంకొకాయన ‘నొక్కావా, డేటా మొత్తం పోతుంది’ అన్నారు. ఇద్దరూ కంప్యూటర్లు తెలిసినవాళ్ళే. అందులో అక్క పెళ్ళి వీడియో ఉంది. అంతకంటే ముఖ్యంగా మా నాన్నగారు హార్మోనియం పెట్టుకుని పాడిన నాటక పద్యాల రికార్డింగులు ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. ఇంకో కాపీ లేదు. నాలుగు రోజులుగా డ్రైవ్ ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఏది ముందు చేయాలో చెప్పండి.

లెక్కల మాష్టారు (గుంటూరు)

బాబూ, కంగారు పడకు. రాత మధ్యలో డ్రైవ్ ఊడిపోతే ఫైల్ సిస్టమ్‌లో లెక్క తప్పుతుంది. ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న పట్టిక ఒకటి చెబుతుంది, డిస్క్ మీద ఉన్నది ఇంకొకటి. ఆ తేడా సరిచేయడానికే విండోస్‌లో చెక్‌డిస్క్ ఉంది, ఆ బటన్ నడిపేది దాన్నే. మా స్కూల్ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి కరెంటు పోయినప్పుడల్లా చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ (తప్పులు సరిచేసే రకం) నడిపాను, ఒక్క పిల్లవాడి ప్రాజెక్టు కూడా పోలేదు. విండోస్ తానే అడుగుతుంటే వద్దనడం దేనికి? పట్టిక చెడిన డ్రైవ్ నుంచి కాపీ చేస్తే సగం ఫైళ్ళు తప్పుగా వస్తాయి. ముందు రిపేర్, తర్వాత కాపీ. నా మాట ఇదే.

సీటీసీ మెకానిక్ (సికింద్రాబాద్)

మాష్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, ఈ సలహా చాలా ప్రమాదం. పారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. ‘చెక్‌డిస్క్ నడిపాక ఫోల్డర్ ఖాళీ అయింది’ అంటూ కళ్ళనీళ్ళతో డ్రైవ్ తెచ్చినవాళ్ళను చూశాను.

చెక్‌డిస్క్ పని మీ ఫైళ్ళను కాపాడటం కాదు. పట్టికలో పొంతన కుదర్చడం దాని పని. పొంతన కుదరని ఎంట్రీ ఉంటే దాన్ని తీసేసైనా లెక్క సరిచేస్తుంది. మిగిలిన ముక్కలను ‘ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేస్తుంది. అందులో ఏది పద్యమో, ఏది పెళ్ళో ఎవరు వెతుకుతారు? ల్యాబ్‌లో మీ డిస్కులు ఆరోగ్యంగా ఉన్నాయి, కరెంటు ఒక్కటే పోయింది. ఇక్కడ డ్రైవ్ పని మధ్యలో ఊడుతోంది. చెక్‌డిస్క్ పట్టిక తిరగరాస్తుండగా ఊడితే? సగం కొత్త పట్టిక, సగం పాతది.

ఇక స్లాష్ ఆర్ పెడితే 2 టీబీలో ప్రతి సెక్టారూ, అంటే డిస్క్ మీది ప్రతి చిన్న గడీ, చదువుతుంది. అలసిపోయిన డిస్క్‌ను గంటల తరబడి పరిగెత్తించినట్టే.

గోదారి గట్టు గారూ, ఆ బటన్ నొక్కకండి. డ్రైవ్ తీసి పక్కన పెట్టి నాకు మూడు విషయాలు చెప్పండి. టిక్ టిక్ అనే శబ్దం ఉందా? ఖాళీగా ఉన్నప్పుడు ఊడుతుందా, కాపీ చేస్తుంటేనే ఊడుతుందా? డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ఏ రంగు చూపిస్తోంది?

పెళ్ళి కెమెరా (విజయవాడ)

మీరిద్దరూ ఆ బ్రదర్‌ని భయపెట్టేస్తున్నారు. ఆయన రాసింది మళ్ళీ చదవండి: ‘కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాక మొదలైంది’. మారింది డిస్క్ కాదు, ల్యాప్‌టాప్.

నేను పెళ్ళిళ్ళు తీస్తాను. సీజన్‌లో ముప్పై డ్రైవ్‌లు నా చేతుల మీదుగా వెళ్తాయి. ఊడిపోయే డ్రైవ్‌లలో నేను మొదట చూసేది కేబుల్, తర్వాత కరెంటు. ఈ చిన్న డ్రైవ్‌లకు ఉండే వెడల్పాటి మైక్రో బి పిన్ బ్యాగులో నలిగి వదులవుతుంది, వేలితో కదిపితే చాలు డ్రైవ్ మాయం. కరెంటు సంగతి చూస్తే యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ యాంప్స్, 3.0 పోర్టు 900 మిల్లీ యాంప్స్ ఇవ్వాలన్నది లెక్క. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో అంతకంటే ఎక్కువే లాగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు పోర్టులు తక్కువ కాబట్టి అందరూ టైప్ సి హబ్ కొంటున్నారు. మౌస్, కార్డ్ రీడర్, డ్రైవ్ మూడూ ఒకే హబ్‌కి పెడితే డ్రైవ్‌కి ఏం మిగులుతుంది?

తెనాలిలో ఒక ఫంక్షన్ హాల్లో జీలకర్ర బెల్లం వీడియో కాపీ అవుతుండగా నా డ్రైవ్ నాలుగుసార్లు ఊడింది. చెమటలు పట్టాయి. హబ్ తీసేసి నేరుగా పెడితే చివరిదాకా కదల్లేదు. ఆ డ్రైవ్ ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తోంది.

బ్రదర్, హబ్ వాడుతున్నావా? ఇంకో పొట్టి కేబుల్ తెచ్చి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టు. పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ ఆపేయి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద కరెంటు ఆదా కోసం ఆపేసే టిక్ తీసేయి.

లెక్కల మాష్టారు (గుంటూరు)

కెమెరా గారు చెప్పింది సబబుగా ఉంది. కేబుల్ మార్చాక ఊడటం ఆగిపోతే చెక్‌డిస్క్ మీద మెకానిక్ గారి అభ్యంతరం కూడా పోవాలి కదా? ఇంకో మాట. ఏ స్లాషూ లేకుండా ఉత్త చెక్‌డిస్క్ నడిపితే అది చదువుతుందంతే, డిస్క్ మీద ఏమీ రాయదు. అదైనా నడపనివ్వండి, తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

సీటీసీ మెకానిక్ (సికింద్రాబాద్)

రాయదు, నిజమే. కానీ ఒక్కటే కాపీ ఉన్న డిస్క్‌తో ప్రతి నిమిషమూ విలువైనదే. చదివించే ఓపిక ఇంకా ఉంటే ఆ ఓపికతో పద్యాలే చదివిద్దాం, పట్టిక తర్వాత.

గోదారి గట్టు (రాజమండ్రి)

హబ్ వాడుతున్న మాట నిజమేనండి. తీసేశాను. పక్కింటి అబ్బాయి దగ్గర కేబుల్ అడిగి మార్చాను, సెలెక్టివ్ సస్పెండ్ ఆపాను. ఖాళీగా ఉన్నప్పుడు ఊడటం పూర్తిగా పోయింది, గంటసేపు చూశాను. కానీ ‘నాన్న పద్యాలు’ ఫోల్డర్ కాపీ చేస్తుంటే ఒకే చోట ఆగిపోయి, కాసేపటికి ఊడిపోతోంది. టిక్ టిక్ శబ్దం లేదు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు, ‘కాషన్’ అని ఉంది. 05 దగ్గర సున్నా. సీ5 దగ్గర 18. సీ7 దగ్గర సున్నా. విండోస్ తప్పుల చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో 153, 157 నంబర్లు చాలా ఉన్నాయి, 7 రెండుసార్లు ఉంది.

లెక్కల మాష్టారు (గుంటూరు)

సీ7 సున్నా అంటే కేబుల్ బాగుందని కదా? అలాంటప్పుడు కేబుల్ మారిస్తే తేడా ఎందుకు వచ్చింది?

సీటీసీ మెకానిక్ (సికింద్రాబాద్)

మంచి ప్రశ్న మాష్టారూ. సీ7 లెక్కపెట్టేది పెట్టె లోపల డిస్క్‌కీ, యూఎస్‌బీ బోర్డుకీ మధ్య దారిలో వచ్చే తప్పులను. బయటి యూఎస్‌బీ కేబుల్ తెగినా అది సున్నాయే చూపిస్తుంది. దాన్ని చూసి బయటి కేబుల్ బాగుందని అనుకోకూడదు.

ఆ 18 కూడా 18 కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ముడి సంఖ్యలను 16 ఆధారంగా ఉన్న లెక్కలో చూపిస్తుంది. మన లెక్కలో 24. అంటే చదవబోతే జవాబివ్వని సెక్టార్లు 24 ఉన్నాయి. 05 సున్నా కాబట్టి వాటిని డిస్క్ ఇంకా వేరే చోటికి మార్చలేదు.

157 అంటే చెప్పకుండా డిస్క్ ఊడిపోయిందని. 153 అంటే అడిగింది రాక మళ్ళీ అడిగామని. 7 అంటే పాడైన బ్లాక్. కేబుల్ ఒక్కటే కారణమైతే 7 కనపడాల్సిన పని లేదు.

జరుగుతున్నది ఇది: పాడైన చోటికి రాగానే డిస్క్ ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ చదవబోతుంది. అంతసేపూ కంప్యూటర్‌కి జవాబు ఇవ్వదు. విండోస్ చూసి చూసి పోర్టును రీసెట్ చేస్తుంది. మీకు అది ‘ఊడిపోవడం’లా కనిపిస్తుంది. కెమెరా అన్న చెప్పిన జబ్బూ ఉంది, నేను భయపడ్డ జబ్బూ ఉంది. మొదటిది నయమైంది కాబట్టి రెండోది బయటపడింది.

అమలాపురం అబ్బాయి

ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని మా ఫ్రెండ్ చేశాడు. లేకపోతే పెట్టె విప్పి లోపలి డిస్క్‌ను నేరుగా కంప్యూటర్ లోపలి సాటా పోర్టుకి పెట్టొచ్చు కదా?

సీటీసీ మెకానిక్ (సికింద్రాబాద్)

తమ్ముడూ, ఫ్రిజ్ మాట దయచేసి ఎవరికీ చెప్పొద్దు. చల్లటి గ్లాసు బయట పెడితే నీళ్ళు ఎలా పడతాయో చూశావు కదా. మీ కోనసీమ గాలిలో తేమకు ఆ నీళ్ళు డేటా ఉండే లోపలి పళ్ళేల మీదే పడతాయి. వాటికీ చదివే హెడ్‌కీ మధ్య ఉండే సందు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. ఇక విప్పడం అంటావా, ఈ చిన్న డ్రైవ్‌లలో చాలావాటికి లోపల సాటా పిన్నే ఉండదు, యూఎస్‌బీ నేరుగా బోర్డు మీదే అతికి ఉంటుంది. కొన్నింటిలో డేటా ఆ బోర్డు ద్వారా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. విప్పి వేరే చోట పెడితే చెత్త కనిపిస్తుంది.

పెంగ్విన్ దారి (బెంగళూరు)

ఇక నేను చెప్పాల్సిన చోటు వచ్చింది. విండోస్‌లో కాపీ పేస్ట్ ఆపేయండి. పాతదానికంటే పెద్ద కొత్త డ్రైవ్ ఒకటి కొనండి. పెన్‌డ్రైవ్ మీద లినక్స్ వేసి దానితో ల్యాప్‌టాప్ లేపి డీడీరెస్క్యూ వాడండి. ఇది ఫైళ్ళను కాదు, డిస్క్ మొత్తాన్ని సెక్టార్ తర్వాత సెక్టార్‌గా తీస్తుంది. మొండికేసే చోటును వదిలేసి ముందుకు వెళ్తుంది, తేలికగా వచ్చేదంతా వచ్చాక వెనక్కి వచ్చి వాటిని పట్టుకుంటుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో ఊడినా మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది.

మూడు జాగ్రత్తలు. పాత డ్రైవ్‌ను లినక్స్ తెరవకుండా చూడండి, తెరిస్తే అన్‌మౌంట్ చేయండి. మ్యాప్ ఫైల్‌ను పాత డ్రైవ్ మీద పెట్టకండి. ఏది పాతది, ఏది కొత్తదో సైజు చూసి రెండుసార్లు సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి పద్యాల మీద పడుతుంది. భయంగా ఉంటే చెప్పండి, రాత్రికి మెసేజ్‌లలో తోడుంటాను.

లెక్కల మాష్టారు (గుంటూరు)

ఒప్పుకుంటున్నాను. పాడైన సెక్టార్లు ఉన్నప్పుడు నా సలహా తప్పు. కానీ కొత్త డ్రైవ్ మీదికి పట్టికలోని తప్పు కూడా వస్తుంది కదా? దాన్నేం చేస్తారు?

సీటీసీ మెకానిక్ (సికింద్రాబాద్)

అక్కడ మీ చెక్‌డిస్క్ నడుపుదాం మాష్టారూ. కాపీ మీద. చెడితే మళ్ళీ కాపీ తీసుకోవచ్చు, అసలుది ముట్టుకోలేదు కాబట్టి. ఒక్కటి గుర్తుంచుకోండి: విండోస్‌లో రెండు డ్రైవ్‌లూ ఒకేసారి పెట్టొద్దు. రెండింటికీ ఒకే గుర్తు ఉంటుంది కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది.

గోదారి గట్టు (రాజమండ్రి)

అయిపోయిందండి. 4 టీబీ డ్రైవ్ కొన్నాను. నిన్న రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే ఈ మధ్యాహ్నం రెండింటికి ముగిసింది. మధ్యలో రెండుసార్లు ఊడింది. తిరిగి వచ్చినప్పుడు లినక్స్‌లో డ్రైవ్ పేరు మారిపోయింది. పెంగ్విన్ గారు ఫోన్ పెట్టేయకుండా ఉండి కొత్త పేరుతో మళ్ళీ మొదలుపెట్టించారు. చివరికి రానిది మొత్తం 20 కిలోబైట్లు.

కాపీ మీద చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ నడిపాను మాష్టారూ, ఏ ఫైలూ పోలేదు. అక్క పెళ్ళి బాగుంది. నాన్నగారి పద్యాల్లో ఒకదానిలో, రాగం తీస్తున్నచోట, చిన్న టిక్కు వినిపిస్తోంది. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. అమ్మకు వినిపించాను.

పాత డ్రైవ్‌లో సీ5 ఇప్పుడు మన లెక్కలో 40.

సీటీసీ మెకానిక్ (సికింద్రాబాద్)

చూశారా, ఒక్కసారి చదివేసరికి 24 పోయి 40 అయింది. స్లాష్ ఆర్ పెట్టి ఉంటే ఆ ఓపిక అక్కడే అయిపోయేది.

లెక్కల మాష్టారు (గుంటూరు)

సంతోషం బాబూ. ఆ పాత డ్రైవ్ పారేయకు. పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్క్ ఆ 40ని పక్కన పెట్టి మంచి సెక్టార్లు వాడుకుంటుంది. సినిమాలు వేసుకోవడానికి పనికొస్తుంది.

పెళ్ళి కెమెరా (విజయవాడ)

వద్దు మాష్టారూ. ‘సినిమాలకే’ అని పక్కన పెట్టిన డ్రైవ్‌లో ఏదో అర్జెంట్ రోజు ఒక పెళ్ళి వేసేస్తాం. అది మనిషి అలవాటు. ఫార్మాట్ తర్వాత సీ5 సున్నా అవుతుంది, అందుకే ఇంకా ప్రమాదం, బాగైందని నమ్మేస్తాం.

గోదారి గట్టు (రాజమండ్రి)

ఫార్మాట్ చేయడం లేదండి. దాని మీద మార్కర్‌తో ‘నాన్న పద్యాలు, అసలుది, పెట్టవద్దు’ అని రాసి బీరువాలో పెట్టాను. ఆ 20 కిలోబైట్లు ఎప్పుడైనా ఎవరైనా తీయగలరేమోనని. రెండో కాపీ అక్క వాళ్ళింటికి కాకినాడ పంపుతున్నాను, ఈసారి కొత్త కేబుల్‌తో సహా.