వరి గింజలో స్క్యుటెల్లమ్ బీజదళమేనా?

గోదావరిగట్టు:
గడ్డి జాతి గింజల్లో స్క్యుటెల్లమే బీజదళం, అంటే గింజలోని తొలి ఆకు, అని ఇంటర్ పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాయి. నేను ఒప్పుకోను. చింతగింజ నాటితే బీజదళాలు మట్టి చీల్చుకుని పైకొస్తాయి. స్క్యుటెల్లమ్ ఎప్పుడైనా బయటికి రాగా చూశారా? పిండానికీ పిండిపదార్థానికీ మధ్య చిన్న డాలులా అతుక్కుని, ఆ గింజలోనే ఉండి అక్కడే చివికిపోతుంది. అది ఆకెలా అవుతుంది?

బోటనీమాస్టారు:
బయటికి రావడమే కొలతైతే శనగకీ కందికీ కూడా బీజదళాలు లేవనాలి. వాటివీ మట్టిలోనే ఉండిపోతాయి కదండీ.

గోదావరిగట్టు:
కంది పప్పులో తిండి బీజదళాల్లోనే దాగి ఉంటుంది మాస్టారూ. వరిలో తిండంతా అంకురచ్ఛదంలో, అంటే పిండం పక్కనుండే పిండి భాగంలో ఉంది. రెండూ ఒకటేనా?

బోటనీమాస్టారు:
ఆముదం చూడండి. అందులోనూ తిండి అంకురచ్ఛదంలోనే. పల్చటి బీజదళాలు ముందు దాన్ని పీల్చుకుని, ఆ తర్వాత పచ్చటి ఆకులవుతాయి. ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే, తేగల కోసం పాతర వేసిన తాటి టెంకను పగలగొట్టండి. లోపల మనం తినే తెల్లటి బుర్రగుంజు బీజదళం కొసే. అది ఏనాడూ వెలుగు చూడదు, టెంకలోని తిండిని పీల్చి మొలకకు పంపుతుంది. మొలకెత్తిన కొబ్బరికాయలోని పువ్వూ అంతే. తాటిచెట్టూ వరీ రెండూ ఏకదళ బీజాలే. స్క్యుటెల్లమ్ చేసేదీ ఆ పనే. అంకురచ్ఛదానికి ఆనుకున్న దాని పైపొర కణాలు ఎంజైములు వదిలి, పిండి చక్కెరగా మారాక లోపలికి లాక్కుంటాయి.

రాగిజావ:
రాగులు మొలకెత్తించి మాల్ట్ చేస్తే తియ్యదనం వచ్చేది ఆ ఎంజైముల వల్లేనా?

బోటనీమాస్టారు:
అవునమ్మా. పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ అందాక అంకురచ్ఛదం అంచునుండే అల్యూరోన్ పొర కూడా పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ ఎంజైము వదులుతుంది. స్క్యుటెల్లమ్ ఒక్కటే కాదు.

పురుగులఫొటోలు:
పెంకు పురుగు రెండు రెక్కలు కలిసేచోట కనిపించే చిన్న ముక్కోణాన్నీ స్క్యుటెల్లమ్ అనే అంటాం. నల్లుల జాతిలో కొన్నింటికి అది వీపంతా కప్పేస్తుంది. అది ఛాతీ పైపలకలో భాగం, గింజలోదానితో ఏ చుట్టరికమూ లేదు. డాలు ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు అది ఆకో కాదో చెప్పదు.

గోదావరిగట్టు:
పురుగుల సంగతి ఇక్కడెందుకు? మాస్టారు బుర్రగుంజు దగ్గరే తిరుగుతున్నారు. మరి కోలియోప్టైల్ సంగతేమిటి? మొలక మీది ఆ తొడుగు ఎవరిది?

బోటనీమాస్టారు:
అది వేరే ప్రశ్న. మీరు మొదలుపెట్టింది స్క్యుటెల్లమ్ గురించి.

గోదావరిగట్టు:
వేరే ప్రశ్న కాదు! మా అమ్మాయి కాలేజీ పరీక్షలో ‘వరిలో బీజదళం ఏది’ అన్నదానికి ‘స్క్యుటెల్లమ్, కోలియోప్టైల్ కలిసి’ అని రాసింది. సున్నా వేశారు. అడగడానికి వెళితే ‘జవాబుల కీలో లేదు’ అని గేటు దగ్గరే పంపించేశారు. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. లక్షలు ఫీజు తీసుకునేవాళ్ళకు ఒక్క పుస్తకం తెరిచే తీరిక లేదా? మీలాంటి వాళ్ళంతా పుస్తకంలో వాక్యానికే కాపలా కాస్తారు.

నీట్‌అమ్మ:
మా ఇంట్లోనూ ఇదే బాధ.

బోటనీమాస్టారు:
ఇది మొదటే చెప్పి ఉంటే మీతో ఇంతసేపు వాదించేవాణ్ణి కాదు. స్క్యుటెల్లమ్ ఆకులోని వెడల్పాటి భాగం వంటిదనీ, కోలియోప్టైల్ ఆకు మొదట్లోని ఒర వంటిదనీ, రెండూ కలిస్తేనే పూర్తి బీజదళమనీ చెప్పే వృక్షశాస్త్రజ్ఞులు ఉన్నారు. కోలియోప్టైల్ వేరే ఆకనేవాళ్ళూ ఉన్నారు. వరిలో, గోధుమలో స్క్యుటెల్లమ్‌కి ఎదురుగా ఉండే ఎపిబ్లాస్ట్ అనే చిన్న పొలుసు రెండో బీజదళం ఆనవాలని ఇంకొందరి మాట. మొక్కజొన్నలో అదీ లేదు. మీ అమ్మాయి చదివి రాసింది, సున్నా వేయడం అన్యాయం. కానీ మీ మొదటి పోస్టు చెప్పింది స్క్యుటెల్లమ్ అసలు బీజదళమే కాదని. అది మాత్రం ఒప్పుకోను.

గోదావరిగట్టు:
ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకం బీజదళాన్నే స్క్యుటెల్లమ్ అంటారని రాసింది. సగాన్ని మొత్తం అనడం మీకు సమ్మతమా?

బోటనీమాస్టారు:
పాఠంలో సమ్మతమే. పదిహేడేళ్ళ పిల్లలకు ముందు ఒక పట్టు దొరకాలి. ఒక్క మార్కు ప్రశ్నగా ఇచ్చి, అంతకంటే ఎక్కువ చదివిన పిల్ల మార్కు కోసేస్తామంటే సమ్మతం కాదు.

గోదావరిగట్టు:
పాఠంలోనే ‘ఇక్కడ భేదాభిప్రాయం ఉంది’ అని ఒక్క వాక్యం రాయాలి. ఆ వాక్యం ఉంటే గేటు దగ్గర నాకు చూపించడానికి ఏదో ఒకటి ఉండేది.