మొదటి థీమ్ పార్కు డిస్నీలాండేనా? మా వాడికి మార్కు ఎందుకు పోయింది?

నయీంనగర్ నాన్న:
మా బాబు ఏడో తరగతి. పోయిన శనివారం హన్మకొండలో బడుల మధ్య క్విజ్ జరిగింది. ప్రపంచంలో అన్నిటికంటే పాత పార్కు ఏదని అడిగితే, డెన్మార్క్‌లోని బాకెన్, 1583 అని చెప్పాడు. తప్పన్నారు. డిస్నీలాండ్, 1955 అట. ఆ ఒక్క మార్కుతో వాడి జట్టు రెండో స్థానంలో ఆగిపోయింది. కోపెన్‌హాగెన్ పక్క అడవిలో ఒక ఊట ఉండేదట. ఆ నీళ్లు తాగితే రోగాలు పోతాయని జనం వచ్చేవారట, వాళ్ల వెనకే అంగళ్లు, ఆటలవాళ్లు. ఆ పార్కు ఇప్పటికీ నడుస్తోంది. 1583 ముందా, 1955 ముందా?

జనగామ తమ్ముడు:
1583 ముందే కదా అన్నా. ఇందులో చర్చ ఏముంది?

కాజీపేట వాసి:
చర్చ ఉంది. బాకెన్ అమ్యూజ్‌మెంట్ పార్కు, డిస్నీలాండ్ థీమ్ పార్కు. రెండూ ఒకటి కావు. డిస్నీలాండ్ చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోశారు, లోపలికి వచ్చినవాళ్లకు బయటి ఊరు కనపడకూడదని. ఒక్కో భాగానికి ఒక్కో కథ. అక్కడి కోట ఎత్తు 77 అడుగులే. పైకి పోయేకొద్దీ రాళ్లను చిన్నగా చేసి ఇంకా ఎత్తున్నట్టు కనిపించేలా కట్టారు. థీమ్ అంటే అది. ఇక 1583 కూడా అంత గట్టి లెక్క కాదు. ఆ అడవిని మధ్యలో రాజులు వేట కోసం మూసేసుకున్నారు. 1756లో గానీ జనానికి మళ్లీ తెరవలేదు.

రంగులరాట్నం ఐనవోలు:
ఊట దగ్గర జనం కూడటం, అంగళ్లు పడటం, ఆటలు రావడం. మన దగ్గర దీన్ని జాతర అంటాం. మా నాయన ఐనవోలు మల్లన్న జాతరలో నాలుగు పెట్టెల కట్టె రాట్నం చేత్తో తిప్పేవాడు. జెయింట్ వీల్ అనగానే అందరూ 1893, షికాగో, జార్జ్ ఫెర్రిస్, 264 అడుగులు అంటారు. ఆయన ఆవిరి యంత్రంతో నడిపిన ఇనుప రాట్నంలో 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. గొప్ప పనే, కాదనను. కానీ 1620లోనే పీటర్ మండీ అనే ఇంగ్లిష్ యాత్రికుడు తుర్కుల రాజ్యంలో మనుషులు తిప్పే రాట్నాలు చూసి రాసిపెట్టాడు. పేరు పెట్టుకున్నవాడే మొదటివాడైతే, మా నాయన లాంటివాళ్లను ఏ లెక్కలో వేస్తారు?

కాజీపేట వాసి:
రాట్నం గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు. ప్రశ్న థీమ్ పార్కు గురించి.

పరకాల అక్క:
థీమ్ పార్కు గురించే మాట్లాడుకుందాం. డిస్నీలాండ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే నాట్స్ బెర్రీ ఫార్మ్ ఉంది. బెర్రీ పళ్లు అమ్ముకునే కుటుంబం 1934లో కోడికూర భోజనం పెట్టడం మొదలుపెట్టింది. జనం బారులు తీరారు. తమ వంతు వచ్చేదాకా వాళ్లకు పొద్దుపోవాలని 1940లో బంగారు గనుల కాలంనాటి ఊరొకటి కట్టడం మొదలుపెట్టారు. 1946లో ఇండియానాలో శాంటాక్లాజ్ ల్యాండ్ తెరిచారు. 1952లో నెదర్లాండ్స్‌లో ఎఫ్తెలింగ్, అడవి నిండా పిల్లల కథలే. ఇవన్నీ 1955కు ముందువి. అంటే మీ లెక్కలోనే డిస్నీలాండ్ మొదటిది కాదు.

కాజీపేట వాసి:
నాట్స్‌కు 1968 దాకా గేటు దగ్గర టికెట్టే లేదు. టికెట్ లేనిదాన్ని పార్కు అని ఎట్లా అంటాం? అది హోటల్ ముందు కట్టిన ఊరు.

జనగామ తమ్ముడు:
డిస్నీలాండ్ మొదటిరోజు దొంగ టికెట్లతో వేలమంది లోపలికి పోయారు. వాళ్లకు టికెట్ ఉన్నట్టా, లేనట్టా?

నయీంనగర్ నాన్న:
అయ్యా కాజీపేట, ఒకరు జవాబు చెప్తే మీరు ఇంకో షరతు పెడుతున్నారు. ముందు థీమ్ అన్నారు, ఇప్పుడు టికెట్ అంటున్నారు. ఆ క్విజ్ మీరే పెట్టినట్టు ఎందుకింత పంతం?

కాజీపేట వాసి:
నేనే పెట్టాను. 22 ఏళ్లుగా పెడుతున్నాను, ఒక్క రూపాయి తీసుకోకుండా. చీటీ నా ముందే ఉంది. "ప్రపంచంలో మొదటి థీమ్ పార్కు ఏది?" అని రాసి ఉంది. "పాత పార్కు" అని లేదు. ఏటా ఎవరో ఒక తండ్రి ఫోన్‌లో వెతికి స్టేజి ఎక్కుతాడు. పోయినేడు ఒకాయన పిల్లలందరి ముందు నా చేతిలో మైకు గుంజుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇప్పుడు మీరు చీటీలో లేని ప్రశ్న రాసి నన్ను నలుగురిలో తప్పుబడుతున్నారు.

నయీంనగర్ నాన్న:
బాబును అడిగాను. థీమ్ పార్కు అనే అడిగారట. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ సార్, నా బాధ మార్కు గురించి కాదని ఇప్పుడే నాకూ అర్థమైంది. వాడు ఊట సంగతి చెప్పబోతే మీరు "కూర్చో, లేని పేర్లు చెప్పకు" అన్నారు. హాలంతా నవ్వింది. వాడు మూడేళ్లుగా పార్కుల మీద నోట్‌బుక్ రాసుకుంటున్నాడు. డిస్నీలాండ్‌లో మ్యాటర్‌హార్న్ అనే కట్టుడు కొండ లోపల పనివాళ్ల కోసం బాస్కెట్‌బాల్ బుట్ట ఉందని అందులో ఉంది. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు దగ్గర కొద్దిగా తవ్వితేనే నీళ్లు పడతాయని పనివాళ్లు తిరిగే సొరంగాలను నేలమీదే కట్టి, వాటిపైన పార్కు కట్టారని బొమ్మ వేసి మరీ పెట్టుకున్నాడు. ఆ నోట్‌బుక్ శనివారం నుంచి అటక మీద ఉంది.

పరకాల అక్క:
ఇది మొదటే రాయాల్సింది తమ్ముడూ.

కాజీపేట వాసి:
అన్నాను. బాకెన్ పేరు ఆరోజు దాకా నాకు తెలియదు. ఇక్కడ రాసిన వేట సంగతి కూడా ఆ రాత్రి ఇంటికి పోయి చదివిందే. మార్కు మార్చను, ఎందుకంటే అడిగింది థీమ్ పార్కు. అయితే నాట్స్, ఎఫ్తెలింగ్ చూశాక ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉందని ఇక అనలేను, దాన్ని తీసేస్తాను. "లేని పేర్లు" అన్నది నా తప్పే. ఆదివారం బాబును తీసుకురండి, ఎదురుగా ఆ మాట చెప్తాను.

నయీంనగర్ నాన్న:
ఇంట్లో చెప్తే చాలదు సార్. హాల్లో అన్నమాట హాల్లోనే వెనక్కి తీసుకోవాలి.

కాజీపేట వాసి:
బహుమతుల రోజు మైకు నా దగ్గరే ఉంటుంది. చెప్తాను. మార్కు మాత్రం అడగొద్దు.

రంగులరాట్నం ఐనవోలు:
ఆ నోట్‌బుక్‌లో మా రాట్నానికి ఒక పేజీ పెడతాడేమో బాబును అడగండన్నా. నాలుగు పెట్టెలు, పెట్టెకు ఇద్దరు పిల్లలు. ఇరుసు ఇప్పటికీ మా ఇంటి వెనక ఉంది, టేకుది. కొలుచుకుంటానంటే సంక్రాంతికి రమ్మనండి.