ట్రిపుల్ ఐటీలో (ఆర్జీయూకేటీ) సీటు వచ్చేలా ఉంది: ఆరేళ్లకు పంపేముందు ఏం చూసుకోవాలి?

కొండపి నాన్న

నమస్కారం. మా పాప జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియంలో పది పాసైంది. 600కి 568 వచ్చాయి. ట్రిపుల్ ఐటీకి పెట్టమని బడిలో మాస్టార్లు గట్టిగా చెబుతున్నారు. చుట్టాలేమో ఆరేళ్లు ఒకే చోట కట్టుబడిపోతుంది, కార్పొరేట్ కాలేజీలో వేయండి అంటున్నారు.

అక్కడ చదివేది ఎలాంటి పిల్లలు? ఎంపిక జాబితా ఎలా తయారవుతుంది? మేం ఎస్వీ యూనివర్సిటీ లోకల్ అని ఒకరు, ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం? క్యాంపస్‌ల వరుస ఎలా పెట్టుకోవాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

లెక్కల మాస్టారు

ముందు ఏ సంస్థ గురించి మాట్లాడుకుంటున్నామో ఖాయం చేసుకుందాం. గచ్చిబౌలి, శ్రీసిటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీలు వేరు. వాటికి ఇంటర్ తర్వాత జాతీయ స్థాయి పరీక్షలు రాయాలి. మీరు అడుగుతున్నది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ). ఉమ్మడి రాష్ట్రంలో 2008లో శాసనసభ చట్టంతో వచ్చిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒకేసారి మొదలైంది. విభజన తర్వాత బాసర తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రలో 2016లో శ్రీకాకుళం, ఒంగోలు కలిశాయి.

పల్లెటూరి బడిలో బాగా చదివే పిల్లలు డబ్బులేక, కోచింగ్ లేక ఇంజినీరింగ్ దాకా రాలేకపోతున్నారన్న ఆలోచనతోనే దీన్ని పెట్టారు. అందుకే ప్రవేశం పదో తరగతి తర్వాతే. రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుతో నేరుగా బీటెక్‌లో చేరే దారి లేదు. తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు కూడా శ్రీకాళహస్తి దగ్గర కాటూరు అనే పల్లె నుంచి వెళ్లి, కంప్యూటర్ రంగంలో 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నవారే.

ఇప్పుడు జాబితా సంగతి. మామూలు సంవత్సరాల్లో ప్రవేశ పరీక్ష ఉండదు. కోవిడ్ వల్ల పది పరీక్షలు జరగని 2020, 2021ల్లో మాత్రం పెట్టారు. మిగతా ఏళ్లలో పదో తరగతి ఫలితమే ఆధారం. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో (హాస్టల్ లేని బడులు) చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారు. జీపీఏ ఉన్న రోజుల్లో ఇదే 10కి 0.4గా ఉండేది. పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ ఒకే మార్కు దగ్గర వందల మంది గుమిగూడే జాబితాలో ఇది చాలా పెద్ద తేడా. పాప 568ని ప్రైవేటు బడి 568తో పోల్చుకుని భయపడకండి.

మార్కులు సమానమైతే మొదట లెక్కలు, తర్వాత సైన్స్, ఇంగ్లీషు చూస్తారు. చివరికి వయసులో పెద్దవారికి ముందు ఇస్తారు. అదే ఏడాది మొదటి ప్రయత్నంలోనే పది పాసై ఉండాలి, సప్లిమెంటరీ పనికిరాదు. డిసెంబర్ 31 నాటికి 18 ఏళ్లు నిండకూడదు. ఎస్సీ, ఎస్టీలకు 21.

ఇక మీ లోకల్ గొడవ. మీ కొండపి ఉన్న ఉమ్మడి ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధే. ఎస్వీ పరిధిలోకి వచ్చేవి పాత చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం, నెల్లూరు జిల్లాలు. 2022లో జిల్లాలు విడిపోయి కందుకూరు నెల్లూరులో కలిశాక అటువైపు వాళ్లు తాము ఎస్వీ అనుకుంటూ వచ్చారు. అది పొరపాటు, పాత జిల్లా లెక్కే చెల్లుతుంది. 85 శాతం సీట్లు లోకల్‌కు, 15 శాతం అందరికీ. లోకల్ తేలేది ఇంటి చిరునామాను బట్టి కాదు, వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివిందన్నదాన్ని బట్టి. అంటే ఏడు నుంచి పది వరకు.

నూజివీడు పాతబ్యాచ్

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా, లోపల చదువు సంగతి చెబుతాను.

ఒక్కో క్యాంపస్‌కు ఏటా 1,000 సీట్లు, పైన ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదల కోటా) 100. ఆరు బ్యాచ్‌లు నిండితే ఆరు వేలకు పైగా పిల్లలు ఒకే ప్రాంగణంలో ఉంటారు. ఎక్కువమంది ప్రభుత్వ బడుల నుంచి వచ్చినవాళ్లు. రైతులు, కూలీలు, చేనేతవాళ్లు, చిరువ్యాపారులు, ఆటో నడిపేవాళ్లు, వీళ్ల పిల్లలు. అమ్మాయిలు అబ్బాయిల కంటే ఎక్కువగానే ఉంటారు. మీ పాప అక్కడ ఒంటరిది కాదు, ఇంచుమించు అందరూ తన ఇంటిలాంటి ఇళ్ల నుంచే వస్తారు. ఈ క్యాంపస్‌లకున్న అసలు బలం అదే అని నా అభిప్రాయం. బడిలో ఫస్టు వచ్చిన పిల్లలు వెయ్యి మంది ఒకచోట చేరితే తెలియని లెక్క పక్క గది నుంచి దొరుకుతుంది.

అయితే దెబ్బ తగిలేదీ అక్కడే. బడిలో ఎప్పుడూ ఫస్టే వచ్చిన పిల్లకు మొదటి సెమిస్టర్‌లో గ్రేడ్ కిందికి జారగానే తనకు చదువు రాదేమోనన్న దిగులు పట్టుకుంటుంది. కారణం చాలాసార్లు తెలివి కాదు, భాష. పాఠం, పుస్తకం, పరీక్ష అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు ఫిజిక్స్ ప్రశ్నలో ఏమడిగారో అర్థం కాక మార్కులు పోగొట్టుకుంటారు. చేరేలోపు దొరికే వారాల్లో ఒక్క పని చేయించండి: పదో తరగతి లెక్కలు, ఫిజికల్ సైన్స్ పుస్తకాలను ఇంగ్లీషు మీడియంలో మళ్లీ మొదటి నుంచి చదివించండి. విషయం తెలిసిందే కాబట్టి మాటలు మాత్రమే నేర్చుకుంటుంది. ఇప్పటి బడి పుస్తకాల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి కొత్తగా కొనేదేమీ లేదు. త్రికోణమితి, వర్గ సమీకరణాలు, ప్రమాణాలు, సంవర్గమానాలు చేతికి బాగా అలవాటు కావాలి.

పీయూసీ రెండేళ్లను పీ1, పీ2 అంటారు. బీటెక్ నాలుగేళ్లు ఈ1 నుంచి ఈ4. పీయూసీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతోపాటు ఇంగ్లీషు, తెలుగు, ఐటీ ఉంటాయి. ఫెయిలైన సబ్జెక్టుకు రెమీడియల్ రాయాలి. తల్లిదండ్రులు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది. బీటెక్‌లో ఏ బ్రాంచి అన్నది పీయూసీ సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడ్), రిజర్వేషన్‌లను బట్టి తేలుతుంది. కంప్యూటర్ సైన్స్‌కు పోటీ ఎక్కువ, తర్వాత ఎలక్ట్రానిక్స్. ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్, కెమికల్, మెటలర్జీ ఆ తర్వాత. కొన్ని బ్రాంచీలు అన్ని క్యాంపస్‌లలో ఉండవు. సీటు వచ్చింది కదా, పీయూసీలో కాస్త ఊపిరి పీల్చుకుని ఈ1 నుంచి కష్టపడదామనుకున్నవాళ్లు కోరిన బ్రాంచి పోగొట్టుకుంటారు. తెలుగు, ఐటీ లాంటి సబ్జెక్టుల గ్రేడూ సీజీపీఏలో కలుస్తుంది. వాటిని తేలిగ్గా తీసుకుని లెక్కల్లో తెచ్చుకున్నది ఇక్కడ వదులుకోవద్దని పాపకు ముందే చెప్పండి.

బోధన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదట్లో ప్రతి విద్యార్థికి లాప్‌టాప్ ఇచ్చి, వీడియో పాఠాలు చూపించి, పక్కన మెంటర్లు సందేహాలు తీర్చే పద్ధతి పెట్టారు. క్రమంగా తరగతి గది బోధన పెరిగింది. శాశ్వత అధ్యాపకులు అవసరానికి చాలా తక్కువ. కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులే ఎక్కువ భారం మోస్తున్నారు. వాళ్లలో అద్భుతంగా చెప్పేవాళ్లున్నారు, కానీ మధ్యలో ఒకరు వెళ్లిపోతే సబ్జెక్టు కుంటుపడుతుంది. ఆ ఖాళీని సీనియర్లతో, ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలవాళ్ల ఉచిత ఆన్‌లైన్) పాఠాలతో పూడ్చుకోవడం పిల్లలు నేర్చుకోవాలి. ప్రభుత్వం ఈ పోస్టులు నింపకపోవడం మన పిల్లలకు చేస్తున్న అన్యాయమే.

మీసేవ డెస్క్

కాగితాల దగ్గర ఏటా చాలామంది ఇబ్బంది పడుతున్నారు కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

ఆంధ్రలోని నాలుగు క్యాంపస్‌లకు ఒకే దరఖాస్తు. అందులోనే క్యాంపస్‌ల వరుస ఇవ్వాలి. దివ్యాంగులు, సైనికుల పిల్లలు, ఎన్‌సీసీ, క్రీడలు, స్కౌట్స్ కోటా అడిగేవాళ్లకు సర్టిఫికెట్ల పరిశీలన విడిగా, ముందుగానే జరుగుతుంది. ఆ తేదీ తప్పితే కోటా పోయినట్టే.

కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ కావాలి: పది హాల్ టికెట్, మార్కుల మెమో, టీసీ, కాండక్ట్, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు లేదా ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, ఫొటోలు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి, పాతది తీసుకోరు. అన్నిటికీ రెండు మూడు సెట్లు జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఒరిజినల్స్ ఒకసారి ఇస్తే మళ్లీ చేతికి రావడం సులభం కాదు.

తేడా వచ్చేది పేరు దగ్గర. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఆగిపోతుంది. మార్చాల్సింది ఆధార్‌నే, మెమోను కాదు. మెమోలో మార్పుకు పరీక్షల బోర్డు చుట్టూ నెలలు తిరగాలి. అలాగే బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించి ఉందా అని బ్యాంకులోనే అడగండి. ఖాతా ఉండటం వేరు, ఆధార్‌తో డబ్బు జమయ్యేలా మ్యాపింగ్ ఉండటం వేరు.

ఫీజు పీయూసీకి ఏడాదికి 45,000, బీటెక్‌కు 50,000 ప్రకారం వసూలు చేస్తూ వచ్చారు. రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైతే అది కట్టనక్కర్లేదు. చేరేరోజు రిజిస్ట్రేషన్, డిపాజిట్, బీమా లాంటి వాటికి మాత్రం కొన్ని వేలు చేతిలో ఉంచుకోండి. అర్హత ఉన్నా ఏటా రెన్యువల్ అయిందో లేదో చూసుకోవాలి. ఒక ఏడాది తప్పితే ఆ బకాయి చివర్లో సర్టిఫికెట్లు తీసుకునేటప్పుడు బయటపడుతుంది.

కొండపి నాన్న

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. పీయూసీ అయ్యాక బయటికి రావాలనిపిస్తే వీలవుతుందా? అక్కడుంటూ జేఈఈ రాయవచ్చా? బాసరలో ఆ మధ్య పెద్ద ఆందోళన జరిగింది కదా, అది తలచుకుంటే భయంగా ఉంది.

నూజివీడు పాతబ్యాచ్

వీలవుతుంది. పీయూసీని ఇంటర్‌తో సమానంగా గుర్తిస్తారు కాబట్టి జేఈఈకి, ఈఏపీసెట్‌కి కూర్చోవచ్చు. అయితే పీయూసీ బోధన జేఈఈ కోచింగ్ కాదు. సెమిస్టర్ పరీక్షలు, హాజరు చూసుకుంటూ దానికి విడిగా చదువుకోవాలి. రెండూ నెత్తిన వేసుకుని రెండూ చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఐఐటీయే గురి అనుకుంటే పీ1లో చేరిన రోజు నుంచే తేల్చుకోవాలి, పీ2 మధ్యలో మొదలుపెడితే ఆలస్యం.

పీ1 మధ్యలో మాత్రం వదిలి రావద్దు. ఆ చదువు ఇంటర్‌లో కలవదు, మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తిరిగి వెళ్లనని ఏడ్చే పిల్లలు చాలామంది ఉంటారు. సెమిస్టర్ పరీక్షలు పూర్తిచేసి అప్పుడు మాట్లాడుకుందామని చెప్పండి. రోజూ ఫోన్‌లో మార్కులు అడక్కండి. తిన్నావా, నిద్ర పట్టిందా, పక్క మంచం పిల్ల ఎవరు, ఇవి అడగండి. గొంతులో వరసగా కొన్నిరోజులు తేడా కనిపిస్తే వార్డెన్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా బయల్దేరి వెళ్లి చూడండి.

నిర్మల్ టీచర్

బాసర విషయం. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు 12 డిమాండ్లతో వారం రోజులు ఎండకూ వానకూ బైఠాయించారు. శాశ్వత వైస్ ఛాన్సలర్, అధ్యాపకుల నియామకం, లాప్‌టాప్‌లు, భోజనం, నీళ్లు, హాస్టల్ మరమ్మతులు, ఇవీ వాళ్లు అడిగినవి. చదువు బాగుండాలని అడిగారే తప్ప ఇంకేమీ కాదు. అంత మంది పిల్లలు అంత క్రమశిక్షణతో కూర్చోవడం చూసి భయపడకండి, గర్వపడండి. ఆంధ్ర క్యాంపస్‌లకు వెళ్లినా మెస్ ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి అన్నది ప్రతి సెలవులోనూ అడుగుతూ ఉండండి. ఏదైనా లోపం ఉంటే తల్లిదండ్రులు కలిసి లిఖితపూర్వకంగా డైరెక్టర్‌కు ఇస్తే కదలిక వస్తుంది.

లెక్కల మాస్టారు

క్యాంపస్‌ల వరుస మిగిలిపోయింది. కొండపికి ఒంగోలు దగ్గరే అయినా దాన్ని కళ్లు మూసుకుని ముందు పెట్టకండి. 2016లో పెట్టినా తొలి బ్యాచ్‌లు ఇడుపులపాయలోనే చదివాయి, ఒంగోలులో అద్దె భవనాల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఈ ఏడాది పీయూసీ ఏ ప్రాంగణంలో నడుపుతున్నారో కనుక్కున్నాకే వరుస రాయండి. నా లెక్క ప్రకారం మీకు నూజివీడు మొదట, ఇడుపులపాయ తర్వాత, ఒంగోలు, చివర శ్రీకాకుళం. మొదటి రెండిటికీ 2008 నుంచి నడుస్తున్న లాబ్‌లు, లైబ్రరీ, బయట ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులు ఉన్నారు. నాలుగూ తప్పకుండా పెట్టండి. ఒకటే పెట్టి అక్కడ రాక ఊరకుండిపోయిన పిల్లలు ఏటా కనిపిస్తారు.

కౌన్సెలింగ్ పిలుపు వచ్చేదాకా టీసీ ఇంకెక్కడా ఇవ్వకండి. ఇంటర్ కాలేజీలో ముందుజాగ్రత్తగా చేర్చినా జిరాక్సుతో సరిపెట్టమని అడగండి. మొదటి జాబితాలో పేరు లేకపోయినా నిరాశపడొద్దు. రానివాళ్ల సీట్లకు రెండో విడత పిలుస్తారు, దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబర్ మాత్రం అప్పటిదాకా మార్చకండి.